అత్తగారి జుట్టు, ఈజిప్టు రాణి మోకాలు

ప్రత్తిపాడులో మా వీధికొచ్చి “విమలగారి ఇల్లెక్కడ?” అని అడగండి. ఎవరూ చెప్పలేరు. “చేతబడి బొమ్మల విమల ఇల్లెక్కడ?” అని అడిగి చూడండి. చిన్నపిల్లలు కూడా మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మా గేటు దగ్గర వదిలి, లోపలికి మాత్రం రాకుండా పరిగెత్తుతారు. చరిత్రలో ఎం.ఏ. ఫస్టు క్లాసులో పాసైనదానికి నాకు దక్కిన బిరుదు ఇది! గుప్పెడు చిక్కు జుట్టు వల్ల నా కాపురం ఎలా అంటుకుందో ఇవాళ చెప్పి తీరతాను. అంతా విన్నాక తప్పు నాదే అని మీరంటే ఒప్పుకుంటాను. ఊరికే అన్నాను, ఒప్పుకోను.

అప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళు. పుట్టిల్లు చీమకుర్తి. రాళ్ళు కోసే మిషన్ల మోతలో పెరిగినదాన్ని కాబట్టి నా గొంతు కాస్త పెద్దది. అత్తగారింట పత్తి, మిరప సేద్యం. పనులయ్యాక మధ్యాహ్నాలు నాకు ఒకటే సరదా, వేలెడంత బొమ్మలు చేయడం. ఇనప తీగ వంచి, మా చేలో దూదే చుట్టి, పైన గుడ్డ కుట్టి, కళ్ళూ ముక్కూ దిద్దేదాన్ని. ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు. “పిల్ల ఏదో ఆడుకుంటంది” అనేవారు మా అత్తగారు, నాకు ఇరవై ఆరేళ్ళన్న సంగతి మర్చిపోయి.

ఇలా ఆడుకుంటుండగా గుంటూరు నుంచి మా చరిత్ర మేష్టారు ఫోన్ చేశారు. డిగ్రీలో నాకు పాఠాలు చెప్పినాయన. “అమ్మాయ్, కాలేజీలో ప్రదర్శన పెడుతున్నాం. పురాతన ఈజిప్టు వాళ్ళని ఓ ఏడుగుర్ని చేసివ్వగలవా?” అన్నారు. చేయగలవా అని అడగడమేమిటి, నన్ను! ఆ వారంలోనే ఒక రాణిని చేసి ఫోటో పంపాను. అయిదు నిమిషాల్లో మళ్ళీ ఫోను.

“ఎవరమ్మా ఈవిడ?”

“ఈజిప్టు రాణి, మేష్టారూ.”

“ఒంటిజడా, జడ చివర ఎర్ర రిబ్బనా! నైలు నది ఒడ్డున ఉండాల్సిన మనిషిలా లేదమ్మా. గుడ్డల మూట నెత్తిన పెట్టుకుని నల్లమడ వాగుకి బయల్దేరినట్టుంది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. మేష్టారు ఊరుకోలేదు. “ఈజిప్టు వాళ్ళకి జుట్టే సర్వస్వం. జుట్టు సరిగ్గా లేకపోతే అది ఈజిప్టే కాదు. చదువుకున్నదానివి, చరిత్ర ప్రకారం చెయ్యి” అని పెట్టేశారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా పాపంలో సగం ఆయనకి పోవాలి. ఇంతవరకూ ఆయన చిటికెడు కూడా పుచ్చుకోలేదు.

పంతం పట్టాను. పది రోజులు కూర తరుగుతూ, అన్నం తింటూ, బట్టలు ఆరేస్తూ ఫోన్లో అదే చదువు. తెలిసిందేమిటంటే, ఆ కాలపు గొప్పింటి ఆడవాళ్ళు, మగవాళ్ళు కూడా, విగ్గులు పెట్టుకునేవారు. అవి అచ్చంగా మనిషి వెంట్రుకలతో చేసినవి. దారమంత సన్నటి జడలు వందలకొద్దీ అల్లి, తేనెమైనం, చెట్టుజిగురు కలిపి కరిగించి పూసి, చెదరకుండా బిగించేవారు. ఒకరికి మూడు పాయలుగా, రెండు పాయలు ఛాతీ మీదికీ ఒకటి వీపు మీదికీ. ఇంకొకరికి మెడ దాకా పొట్టి ఉంగరాలు. ఇక నేను ఆగుతానా?

మొదట నల్ల దారంతో అల్లాను. రాణి తడిసిన కోడిపెట్టలా తయారైంది. దూదికి రంగేసి చూశాను. కోడిపెట్ట ఎండింది, అంతే తేడా. మనిషి జుట్టు కావలసిందే. నా జుట్టా, భుజాలు దాటదు. జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందని సామెత. జుట్టు లేనమ్మ అత్తగారి కవరు వెతుకుతుందని ఆ సామెత చెప్పినవాళ్ళు చెప్పలేదు, నేను చెబుతున్నాను.

కవరంటే మీకు తెలియంది కాదు. మా వైపు ఆడవాళ్ళు దువ్వుకున్నాక ఊడిన జుట్టు పారెయ్యరు. ఉండ చుట్టి ఒక ప్లాస్టిక్ కవరులో దాస్తారు. రెండు మూడు నెలలకోసారి జుట్టు కొనేవాడు మోటారు సైకిలు మీద వచ్చి, జుట్టు పుచ్చుకుని స్టీలు సామాను ఇచ్చి పోతాడు. ఈసారి మా అత్తగారి కన్ను మూతున్న స్టీలు క్యాను మీద ఉంది. మంచిగా పెరిగిన జుట్టు ఆవిడది, పిరుదులు దాటుతుంది, అరవై ఏళ్ళకీ పట్టులా మెరుస్తుంది. ఆ కవరు స్నానాలగది తలుపు వెనక మేకుకి వేలాడుతూ నన్ను రోజూ పిలిచేది.

అడగొచ్చుగా అంటారు మీరు. బాగానే ఉంది. “అత్తయ్యా, మీ ఊడిన జుట్టు ఇస్తారా, ఈజిప్టు రాణికి పెడతాను” అని అడిగిన కోడలు ఈ జిల్లాలో ఎక్కడన్నా ఉంటే చూపించండి, వెళ్ళి కాళ్ళకి దణ్ణం పెట్టి వస్తాను. నేను అడగలేదు. రోజుకో ఉండ తీశాను.

పొట్టి ఉంగరాల విగ్గుకి అత్తగారి జుట్టు పనికిరాలేదు. దానికీ దేవుడు దారి చూపించాడు. పక్కింటి కోటమ్మక్కది ఉంగరాల జుట్టు. ఆవిడ దువ్వుకున్న ఉండల్ని మా ప్రహరీ గోడ సందులో కుక్కుతుంది. గోడ మాది కాబట్టి జుట్టూ మాదే అనుకున్నాను. న్యాయం కాదా?

ఇక పని ఎక్కడ చేయాలి? చిక్కు జుట్టు కుంకుడు రసంలో నానబెట్టి, ఒక్కొక్క వెంట్రుకా సూదితో విడదీసి అల్లాలంటే ఫ్యాను గాలి ఉండకూడదు, మనుషులు ఉండకూడదు. మిరపకాయల టిక్కీలు, అంటే బస్తాలు, పేర్చిన కొట్టుగది అందుకు అనువుగా కనిపించింది. ఆ ఘాటుకి ఎవరూ అటు తొంగి చూడరు. నేను ముక్కుకీ మూతికీ గుడ్డ చుట్టుకుని, ప్రమిద మీద గరిటెలో మైనం, గుగ్గిలం కరిగించుకుంటూ, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే జడలు అల్లేదాన్ని. గుగ్గిలమెందుకంటారా? చెట్టుజిగురు కావాలిగా! చరిత్ర ప్రకారం!

మూడు నెలల్లో ఏడు బొమ్మలూ తయారయ్యాయి. అన్నిటికన్నా గొప్పది మూడు పాయల రాణి. అరవై నాలుగు జడలు ఆవిడకి, అంతా మా అత్తగారి జుట్టే. ఒకటే లోపం. మైనం పూసిన జుట్టు బరువుకి రాణి ముందుకి బోర్లా పడిపోయేది. అందుకని మోకాలికి గుండుపిన్ను గుచ్చి వెనక చెక్కకి బిగించాను. అప్పుడు ఠీవిగా నిలబడింది. ఏ బొమ్మకి ఏ జుట్టు వాడావో చీటీ రాసిపెట్టమని మేష్టారు ముందే హుకుం జారీ చేశారు. చిన్న కాగితం మీద “అత్తయ్య” అని రాసి, ఇంకో పిన్ను దండగెందుకని, ఆ మోకాలి పిన్నుకే తగిలించాను. పొదుపరి కోడలిని కదా.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. సరిగ్గా ఆ మూడు నెలలూ మా అత్తగారికి కుడి మోకాలు నొప్పి. రాదా మరి! రోజూ కల్లంలో గొంతుక్కూర్చుని మిరపకాయల్లో తాలుకాయలు ఏరితే నొప్పి రాక నాట్యం వస్తుందా? గుంటూరు డాక్టరు మాత్రలిచ్చి, కింద కూర్చోవద్దని చెప్పాడు. ఆవిడ మాత్రలు వేసుకుని మళ్ళీ కల్లంలోనే కూర్చున్నారు.

ప్రదర్శన ఇంకో వారం ఉందనగా జుట్టు కొనేవాడు వీధిలోకి వచ్చాడు. అత్తగారు కుంటుకుంటూ వెళ్ళి కవరు తీశారు. కవరు ఊపితే ఎగిరిపోయేలా ఉంది.

“విమలా! నా జుట్టేమైందే?”

నేను కొట్టుగదిలో జడలకి ఆఖరి పూత పూస్తున్నాను. ఊపిరి బిగబట్టాను. గుగ్గిలం మాత్రం ఊపిరి బిగబట్టలేదు. పొగ తలుపు సందుల్లోంచి వసారాలోకి వెళ్ళింది. “ఓరి నాయనో, మిరపకాయలు అంటుకున్నాయి!” అని అరుస్తూ ఆవిడ తలుపు తోశారు.

అప్పుడు ఆవిడ చూసింది ఉన్నదున్నట్టు మీ ముందు పెడుతున్నాను, మీరే తీర్పు చెప్పండి. చీకటి గది. చుట్టూ ఎర్ర మిరపకాయలు. మధ్యలో దీపం, గుగ్గిలం పొగ. మూతికి గుడ్డ కట్టుకుని, ఎర్రటి కళ్ళతో ఏడుస్తున్న కోడలు. ఆమె ముందు వరసగా ఏడు వేలెడంత బొమ్మలు, నెత్తి మీద నిజం జుట్టుతో.

“ఏందే ఇయ్యి?” అన్నారు.

“ఈజిప్టు వాళ్ళత్తయ్యా.”

“ఈ జుట్టెవరిది?”

అక్షరాలు సరిగ్గా రావని రేషను కార్డు కూడా నా చేత చదివించుకునే మా అత్తగారు, ఆ ఒక్క చీటీ మాత్రం కూడబలుక్కుని చదివేశారు. “అ... త్త... య్య.” తర్వాత చీటీ కింద పిన్ను చూశారు. పిన్ను కింద మోకాలు చూశారు. కుడి మోకాలే!

“అమ్మో! నా మోకాల్లో పిన్ను గుచ్చావంటే!”

“మీ మోకాల్లో కాదత్తయ్యా, రాణి మోకాల్లో!”

“దాని మీద నా పేరుందిగా!”

“పేరు మీదే, జుట్టు మీదే, మోకాలు మాత్రం ఆవిడది!”

“మూణ్ణెల్ల నుంచి నేను కుంటతా ఉంటే పైకి జండూబామ్ రాసి, లోపల పిన్ను గుచ్చతన్నావా?”

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటారు. మా అత్తగారు జడకీ మోకాలికీ ముడిపెట్టారు, అది కూడా విప్పడానికి వీల్లేని ముడి. ఈలోగా అరుపులకి కోటమ్మక్క గోడ దూకినంత పని చేసి వచ్చింది. ఇంకో చీటీ తీసి చదివింది. “కోటమ్మక్క, పొట్టి ఉంగరాలు.” ఇక చూడండి!

“అందుకేనా వదినా నాకు నెలరోజుల నుంచి ఒకటే తుమ్ములు!”

మిరపకాయలు కోసే రోజుల్లో ఊరంతా తుమ్ముతుందమ్మా అని అరిచాను. పోలేరమ్మ గుడి దగ్గర కుక్క కూడా తుమ్ముతోందన్నాను. వినేదెవరు? సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది.

ఆ రోజు నుంచీ మా అత్తగారు వసారాలో వేరే పొయ్యి పెట్టుకున్నారు. కల్లానికి పోవడం మానేశారు, నేను ఇంట్లో ఒంటరిగా ఉంటే ఇంకేం చేస్తానోనని. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని నన్నే కాపలా కాశారు. మా ఆయన్ని నమ్ముకుందామంటే, ఆయన గడ్డం గోక్కుంటూ, “నువ్వు చేతబడి చేశావని నేనన్లా. నువ్వు బొమ్మలు మొదలెట్టినాకే అమ్మకి నొప్పి వచ్చింది, అంతే అంటన్నా” అన్నారు. బీకాం చదివారండీ ఆయన!

“మరి బొమ్మలు మొదలెట్టాకే పత్తి ధర కూడా పెరిగింది. అది నా చలవేనా?” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు!

కోపం సంగతి సరే, ఒక్క విషయం మాత్రం నాకు నిజంగా బాధేసింది. కాపురానికొచ్చిన రోజు నుంచీ నేను వండిన ప్రతి కూరా మొదట అత్తగారే రుచి చూసేవారు. “ఉప్పు సరిపోలా” అనో “పులుపెక్కువైంది” అనో ఒక వంక పెట్టి, శుభ్రంగా రెండుసార్లు వడ్డించుకునేవారు. ఇప్పుడు నేను గ్లాసుడు మంచినీళ్ళు ఇస్తే ఆ గ్లాసు వంక చూసి మొహం తిప్పుకున్నారు. ఆ పూట కొట్టుగదిలోకి వెళ్ళి ఏడ్చాను. మిరప ఘాటు అని సాకు కూడా చెప్పుకోలేదు.

మూడో రోజున ఆవిడ తన నిర్ణయం చెప్పారు. “రేపు ఖాసిం సాయిబు వస్తాడు. ఆయన చూసి చేతబడి కాదంటే సరే. అవునంటే బొమ్మలు పొయ్యిలోకి, నువ్వు చీమకుర్తి బస్సులోకి.”

ఖాసిం సాయిబు పరుపులు కుడతాడు. ఊళ్ళో సగం పరుపులు ఆయన చేతి కుట్టే. పిల్లలు దడుచుకుంటే తాయెత్తు కూడా కడతాడు. తెల్ల గడ్డం, నెమ్మదైన మనిషి. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి వసారాలో కుర్చీ వేసుకుని, బొమ్మలన్నీ పళ్ళెంలో పెట్టి తెమ్మన్నాడు. మా అత్తగారు మంచం మీద, కోటమ్మక్క గోడవతల, మా ఆయన ఎటూ కాకుండా గుమ్మంలో. నేను మాత్రం ముద్దాయిలా మధ్యలో నిలబడ్డాను.

ఆయన రాణిని ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. పొట్ట నొక్కి చూశాడు.

“దూది ఎక్కడిదమ్మా?”

“మా చేలోదేనండి.”

“బాగా దట్టించావు. ఉండలు కట్టలా.” తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని జడలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఇరవై దాకా లెక్కపెట్టి ఆపేశాడు. “ఇన్ని జడలూ నువ్వే అల్లావా?”

“అరవై నాలుగండి. చరిత్ర ప్రకారం.”

అని, ఇక ఆగలేక, ఈజిప్టు గురించి నాకు తెలిసిందంతా చెప్పాను. విగ్గులు, మైనం, జిగురు, పాయలు, ఉంగరాలు. మేష్టారి పాపం కూడా చెప్పాను. ఆయన అంతా విని, బొమ్మని పళ్ళెంలో పెట్టి, మా అత్తగారి వైపు తిరిగాడు.

“చెల్లెమ్మా, ఇది చేతబడి కాదు. చేతబడి చేసేవాళ్ళకి ఇంత ఓపిక ఉండదు. ఓ ముక్క గుడ్డ చుట్టి ఇచ్చేస్తారు. ఈ పిల్ల మూణ్ణెల్లు కూర్చుని నీ జుట్టుకి జడలేసింది. నీ కూతురైనా ఏస్తదా?”

నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. గెలిచాను! చరిత్ర గెలిచింది! మా అత్తగారు రాణి జడల వంక చూశారు. మొహం మెత్తబడుతోంది.

“మరి ఆ పిన్ను?” అన్నారు.

“లేకపోతే నిలబడదు అత్తయ్యా, అంతకన్నా ఏం లేదు.”

“ఏమీ లేకపోతే తీసెయ్యొచ్చుగా!”

ఖాసిం సాయిబు నవ్వి, “తీసెయ్యమ్మా, పెద్దావిడ మనసు కుదుటపడుద్ది” అన్నాడు. ఇక్కడే, ఇక్కడే నేను ఆలోచించాల్సింది. గెలిచిన ఉత్సాహంలో బుర్ర పనిచేయలేదు. అందరూ చూస్తుండగా రాణి మోకాల్లోంచి పిన్ను లాగేశాను. రాణి బోర్లా పడింది.

మా అత్తగారు మంచం మీంచి లేచి నిలబడ్డారు.

చెయ్యి ఆనించకుండా లేచారు. కుడికాలు ఒకసారి విదిలించారు. ఓ అడుగేశారు. ఇంకో అడుగేశారు. గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, చకచకా నడుచుకుంటూ వచ్చారు. కుంటు లేదు.

“పోయింది!” అన్నారు. “నొప్పి పోయిందే!”

గోడవతల కోటమ్మక్క పెట్టిన కేక మీకూ వినిపించే ఉంటుంది.

“నాలుగు రోజులు కల్లంలో కూర్చోలేదు కదా అత్తయ్యా! మంచం మీదే కాళ్ళు చాపుకున్నారు కదా! మాత్రలు పనిచేశాయి! డాక్టరు చెప్పాడు కదా!” నేను మొత్తుకుంటూనే ఉన్నాను. చీమకుర్తి గొంతు మొత్తం వాడేశాను. ఎవరూ వినలేదు. మా ఆయన నా చేతిలోని పిన్ను వంక చూస్తూ రెండడుగులు వెనక్కి వేశారు. ఖాసిం సాయిబు చెప్పులు తొడుక్కుంటూ నా వంక జాలిగా చూసి, “నా చేతనైంది నేను చేశానమ్మా” అని వెళ్ళిపోయాడు.

అప్పుడు మా అత్తగారు నా దగ్గరికొచ్చి నా తల నిమిరారు. “పోన్లేమ్మా. గుచ్చింది నువ్వే, తీసింది నువ్వే. తీసే మనసున్న పిల్లవి. నేనేం మనసులో పెట్టుకోను” అన్నారు.

చెయ్యని నేరానికి క్షమాభిక్ష! ఇంతకన్నా ఉరిశిక్ష నయం. కాదని అరుద్దామని నోరు తెరిచాను. ఆవిడ తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, నేను వండిన గోంగూరపప్పు కంచంలో వడ్డించుకుని, ఓ ముద్ద తిని, “ఉప్పు సరిపోలా” అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఉప్పు డబ్బా తీసుకుని పరిగెత్తాను.

బొమ్మలు గుంటూరు వెళ్ళాయి. రాణికి మళ్ళీ పిన్ను గుచ్చడానికి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు గనక, పడుకోబెట్టి, “విశ్రాంతి తీసుకుంటున్న రాణి” అని చీటీ రాశాను. “చరిత్రలో ఇలా ఎక్కడుందమ్మా?” అన్నారు మేష్టారు. నా చరిత్రలో ఉందండీ అన్నాను.

ఆ తర్వాత కథ ఇంకా ఘోరం. నడుము నొప్పులవాళ్ళు, మెడ పట్టేసినవాళ్ళు, తమ జుట్టు కవర్లు పట్టుకుని మా గుమ్మంలో బారులు తీరారు. “అమ్మాయ్, నాకూ ఓ బొమ్మ చేసి, పిన్ను గుచ్చి తీసెయ్యమ్మా.” జుట్టు కొనేవాడు మా వీధిలోకి రావడం మానేశాడు. ఈ గోల తప్పించుకోవడానికి అసలు జుట్టే లేని బొమ్మ చేద్దామని ఆలోచించాను. ఈజిప్టు పూజారులు తల నున్నగా గీయించుకునేవారు, అదీ చరిత్రే. నిగనిగలాడే గుండుతో ఒక పూజారిని చేసి, ఆరడానికి టీవీ బల్ల మీద పెట్టాను. ఈ గొడవ జరిగినన్నాళ్ళూ పేపరు అడ్డం పెట్టుకుని ఒక్క మాట కూడా మాట్లాడని మా మామగారు ఆ దారిన పోతూ ఆగారు. బొమ్మని చూశారు. తన బట్టతల తడుముకున్నారు.

“అమ్మాయ్,” అన్నారు నెమ్మదిగా, “పిన్ను పెట్టేటప్పుడు కాస్త గుండె ఉన్న వైపు కాకుండా చూసుకోమ్మా.”

కాబట్టి యావన్మందికీ ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ప్రత్తిపాడు కాపురస్తురాలు, ఎం.ఏ. ఫస్టు క్లాసు విమల అను నేను, ఇకమీదట మనిషి వెంట్రుక ముట్టను, గుండుపిన్ను పట్టను, బొమ్మకి చీటీ కట్టను. మేష్టారు అలిగినా సరే, ఈజిప్టు మొత్తం నా గుమ్మంలోకొచ్చి ధర్నా చేసినా సరే, నా చేతిలో పుట్టే రాజులూ రాణులూ అందరూ తలకి తువ్వాలు చుట్టుకునే పుడతారు.